కంపెనీ కూత

నవంబర్ 3, 2012. శనివారం

ఇయ్యాల కాళ్ళకు చెప్పులు లేకుంట రోడ్డు మీద ఉరికిన. అది దీంట్ల రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

పొద్దుగూకే యాళ్లకు బెండకాయలు కోస్తున్న. కంపెనీ కూత మోగింది. ఒకటి, రెండు, మూడు. కత్తి యాడ పడేసిన్నో ఎరుక లేదు. కంపెనీ మూతపడి ఎనిమిదేండ్లాయె, కూత ఎట్ల మోగుతది అని బుర్రకు రావాలె గద. రాలే. కాళ్ళే ముందుగాల లేసినయి. నాయే గాదు, బస్తీ మొత్తం గట్లనే ఉరికింది. భారతమ్మ అక్క చేతులకు జొన్నపిండి అట్లనే ఉన్నది. మొగులయ్య కాక కట్టె మరిచిపోయి గోడలు పట్టుకుంట వచ్చిండు.

గేటు కాడికి పోయి చూస్తే కార్లు. నల్ల బనీన్లేసుకున్న ఇద్దరు పహిల్వాన్లు. పాస్ లేకుంటే అటు జరుగుండ్రి అంటున్నరు మమ్ముల. లోపటికెల్లి డ్రమ్ముల సప్పుడు. మా ఇనుప కంపెనీల పాటల క్లబ్బు పెట్టిన్రంట. ఎదురుంగ నిలబడి పాడుతుంటే పట్నంకెల్లి, ఎయిర్‌పోర్టు దిక్కుకెల్లి జనం వచ్చి తాక్కుంట ఇంటరంట. పెట్టుకోండ్రి, మాకేంది. గని కూత ఎందుకు కొట్టిన్రయ్యా అని అడిగిన.

"షో షురూ అయినట్టు, అమ్మా" అన్నడు ఆ పహిల్వాను.

షో షురూ అయినట్టంట. ఒక్క పొడుగు కూతంటే షిఫ్టు ఇడిసినట్టు. మూడు పొట్టి కూతలంటే లోపట మనిషికి ఏదో అయినట్టు. కొత్తూరుల ఈ బస్తీల పెరిగిన కుక్కకు గూడ ఎరుక గీ ముచ్చట. భారతమ్మ అక్క గేటు ఊచలు పట్టుకొని ఏడ్సింది. ఆమె మొగడు ఇంట్ల మంచం మీద పండుకొని టీవీ చూస్తున్నడు, ఆయనకేం గాలే. అయినా ఏడ్సింది. నేను ఏడ్వలే. నాకెందుకొస్తది ఏడుపు. నా మనిషి పోయి పదకొండేండ్లాయె.

బిడ్డ మనీషా ఇంట్ల లేదు. కాలేజిల ప్రోగ్రాం ఉన్నదని పోయింది. మంచిగైంది, నన్ను గట్ల చూడలే.

నవంబర్ 4

కాలేజి లేదు, ప్రోగ్రాం లేదు. నా బిడ్డ ఆ క్లబ్బులనే పాడింది.

పొద్దుగాల చాయ్ తాక్కుంట చెప్పింది, అదేదో పండుగ ముచ్చట చెప్పినట్టు. ఎవరో దోస్తు పాట రికార్డు చేసి పంపిందంట, వాళ్ళు పిలిచిన్రంట, నెల సంది ప్రాక్టీసు చేస్తున్నరంట. నెల సంది. డిగ్రీ మొదటి సాలు పిల్ల, లైబ్రరీ లైబ్రరీ అని పోతే నేను టిఫిన్ కట్టి పంపిన.

"మీ బాపు పానం పోయిన జాగల నీకు పాటలొస్తున్నయా?" అన్న.

"బాపు పనిచేసిన జాగ గూడ అదే గదమ్మా. అందుకే ఒప్పుకున్న" అన్నది.

నోరు చూడు. ఆ నోరు నాదే వచ్చింది, ఆయనది రాలే. శివశంకర్ ఎంత నిమ్మళం మనిషి. కప్పు సింకుల పడేసి డ్యూటీకి పోయిన. కప్పు పలగలే, అదొక్కటే తక్కువ.

నవంబర్ 6

మాట్లాడలే. ఆమె గూడ మాట్లాడలే. అన్నమైతే తిన్నది.

నవంబర్ 8, గురువారం

మొగులయ్య కాక ఇంటికి పోయిన. గేటు కాడ టైమాఫీసుల కూత కొట్టేటిది ఆయనే, హాజిరి పిలిచేటిది ఆయనే. నాకంటె ఎక్కువ ఆయనకు మండాలె గద అనుకున్న. కాకకు మండలే. ముసలాయన మొఖం ఎలిగిపోతున్నది.

"ఇన్నవా భాగ్యమ్మా, కూత మోటరు జర గూడ ఖరాబు గాలే. నేను గ్రీజు పెట్టిన మోటరు అది" అన్నడు.

"కాకా, మూడు కొట్టిన్రు" అన్న.

అప్పుడు తల కిందికేసిండు. "మూడు కొట్టినంక హాజిరి పిలువాలె. పిలువకుంట ఇడిసిపెట్టొద్దు. వాళ్ళకేం తెలుసు బిడ్డా" అన్నడు.

ఆ దినం ఆయన పిలిచిండు. గేటు కాడ స్టూలు మీద నిలబడి ఒక్కొక్క పేరే. లోపటికెల్లి వచ్చినోడు వచ్చినట్టు "ఉన్న" అనాలె. గేటు అవతల నిలబడ్డ ఆడోళ్ళు తమ మనిషి గొంతు ఇనంగనే కింద కూలబడేటోళ్ళు, సంబురానికే. చెన్నయ్య, ఉన్న. ముత్తయ్య, ఉన్న. శివశంకర్. శివశంకర్. భట్టీ కాడ కరిగిన ఇనుము పొంగింది. మూడోసారి పిలువలే కాక.

ఇగ చాలు. ఎందుకు రాస్తున్న ఇదంత.

విమానాలకు అన్నం పంపే కిచెన్ల పని చేస్తున్న నేను. తలకు టోపి, చేతులకు గ్లౌజులు, దినమంత ట్రేలల్ల చెంచ, ఉప్పు పొట్లం, కాయిదం రుమాలు సదురుడే. నెత్తి మీద విమానం పోతే రేకులు గలగల అంటయి, నాకు కన్ను గూడ కొట్టుకోదు. అంత సప్పుడుకు కదలని మనిషిని ఒక్క పాత మోటరు రోడ్డు మీద ఉరికించింది. సిగ్గనిపించదా మరి.

నవంబర్ 10, శనివారం

పోలే. గేటు దాకనే పోయిన.

ఇది క్లబ్బు వాళ్ళ కూత అని ఈసారి అందరికి ఎరుకే. ఎవ్వరు ఉరకలే. గని భారతమ్మ అక్క ఏమన్నదంటే, తెలిసి గూడ లేసి నిలబడ్డదంట, కూసుందమంటే నడుము ఒంగలేదంట. అన్ని ఇండ్ల తలుపుల కాడ ఒక్కొక్క మనిషి నిలబడి ఉన్నరు ఊకెనే. మా ఇండ్లల్ల కరెంటు లేదు, కోత. వాళ్ళ జనరేటరు ఎలుగుల కంపెనీ రేకులు ఎర్రగ, నీలంగ మెరుస్తున్నయి. గా చీకట్ల నిలబడి మేము చూస్తున్నం.

ఒక ఆడపిల్ల పాట ఇనబడ్డది. మంచిగ పాడుతున్నది. ఎవరో.

నవంబర్ 12, సోమవారం

ఇయ్యాల సెలవు పెట్టి క్లబ్బుకు పోయిన. అడగనీకి. పగటీలి పహిల్వాన్లు ఉండరు.

ఓనరు సారు జుట్టు పెంచి నెత్తి మీద ముడేసుకున్నడు. కోస్తా దిక్కు మాట. "రండమ్మా, కూర్చోండి, ఏం తీసుకుంటారు?" అని మస్తు మర్యాద. ఆ మర్యాదకు ఇంక మండింది నాకు. కూసున్న జాగకెల్లి చుట్టు చూసిన. పనోళ్ళ హెల్మెట్లు తిప్పి కట్టి లోపట బల్బులు పెట్టిన్రు. మొగులయ్య కాక టైమాఫీసు కిటికీ ఉన్నది చూడు, దాంట్లకెల్లి మందు ఇస్తరంట. భట్టీ గద్దె మీద చెక్కలేసి స్టేజి కట్టిన్రు. మైకు ఆడనే, నడుమ నిలబెట్టిన్రు. నేను ఆ దిక్కు చూడలే.

"సారూ, ఆ కూత బందు పెట్టుండ్రి" అన్న.

"అదేనమ్మా మా ప్రత్యేకత. ఇది మన ప్రాంతపు ఇండస్ట్రియల్ హెరిటేజ్. కార్మికుల చరిత్ర. యువతకి తెలియాలి కదా" అన్నడు.

"చరిత్ర తెలిసినోడివైతే మూడు ఎందుకు కొడుతవు?"

"నాటకాలకి మూడో గంట కొడతారు చూడండి, అలాగన్నమాట. ఆ ఐడియా మీ అమ్మాయిదే. స్విచ్ నొక్కేది కూడా తనే. మొదటి పాట తనది కదా" అన్నడు నవ్వుకుంట.

లేసి వచ్చేసిన. శనివారం మా గెస్టుగా రండి, ఎవరినైనా తీసుకురండి అని ఎనుకకెల్లి అంటున్నడు. ఇంటికి ఎట్ల వచ్చిన్నో.

నా బిడ్డ ఏలుతోని.

నవంబర్ 13

దీపావళి. నేను దీపాలు పెట్టలే. పిల్ల ఒక్కతే పెట్టుకున్నది. పెట్టుకోనీ.

నవంబర్ 14

అడిగిన. లోపట పెట్టుకుంటే పానం పోయేటట్టు ఉన్నది.

"మూడు కూతలంటే ఏందో ఎరుకనా నీకు?"

"ఏందమ్మా?"

ఏందో చెప్పిన. చెప్పుకుంట చెప్పుకుంట ఆమె మొఖం చూసిన. తెల్లగ అయిపోయింది. నిజంగనే ఎరుక లేదు పిల్లకు. ఆ దినం రెండో తరగతిల ఉన్నది, బడికి పోయింది. ఆడికెల్లి అటే మా అక్క తన ఊరు పాల్మాకులకు తీస్కపోయింది. పదిహేను దినాలకు తీస్కవచ్చినం. దాని తర్వాత కంపెనీల మల్ల మూడు కూతలు కొట్టే పని పడలే, మూతే పడ్డది.

"నాకు ఎవరు చెప్పిన్రమ్మా? నువ్వు చెప్పినవా?" అన్నది.

ఎవరన్న చెప్తరా అసొంటియి పిల్లలకు? అన్నం పెట్టి, జడేసి, బడికి పంపేటప్పుడు చెప్పాల్నా? నన్ను అంటున్నది. వాళ్ళు కూత కొడుతరు, నేను తప్పు చేసినదాన్నైత. మంచిగున్నది లెక్క.

అటెన్క మెల్లగ ఒక ముచ్చట చెప్పింది. "నాకు ఒక్క పొడుగు కూతే యాదికున్నదమ్మా. అది ఇనంగనే నువ్వు పొయ్యి మీద నీళ్ళు పెట్టేటిదానివి, బాపుకు."

నేనొక్కదాన్నేనా. బస్తీల అందరు పెట్టేటోళ్ళు. కూత మోగంగనే ఇంటింట్ల పొయ్యి మీదికి నీళ్ళ గిన్నె ఎక్కేటిది. భట్టీ కాడికెల్లి వచ్చినోడు కన్నులు తప్ప అంత మసి ఉండేటోడు. ఇంట్లకు రానిచ్చేటోళ్ళం గాదు, అటే దొడ్లకు. వీపు రుద్దితే మూడు గిన్నెల నీళ్ళు నల్లగ పోయేటియి.

రేపు సారుతోని మాట్లాడుత అన్నది మనీషా. మాట్లాడనీ, చూద్దాం.

నవంబర్ 16, శుక్రవారం

మాట్లాడిందంట. ఈ శనివారం పేపరోళ్ళు వస్తున్నరంట, పోస్టర్ల మీద "మూడు సైరన్లు" అనే అచ్చేసిన్రంట, ఈ ఒక్కసారికి ఏమనకు, వచ్చే వారం చూద్దాం అన్నడంట. నువ్వు నొక్కకపోతే నేను నొక్కుత అన్నడంట. ముడేసుకున్న తలకాయల అదే ఉన్నది.

"అయితే మానేయ్" అన్న.

"మానేయనమ్మా. కూత నొక్క. పాట మాత్రం మానేయ" అన్నది.

సరే. గెస్టుగా రమ్మన్నడు గద. పోదాం, అందరం పోదాం. మా హెరిటేజ్ మేము చూసుకోవద్దా.

నవంబర్ 17, శనివారం

ఉన్నది ఉన్నట్టు రాయాలె. ముందుగాల అనుకొని చేసింది గాదు అని గూడ రాయాలె, రేపు ఎవరన్న అంటరు.

మొగులయ్య కాక, భారతమ్మ అక్క, ఆమె మొగడు చెన్నయ్య, ముత్తయ్య, బిక్షం, ఇంక పాతోళ్ళు కొందరు. ఉతికిన బట్టలు కట్టుకొని పోయినం. పహిల్వాను మల్ల అడ్డం పడ్డడు. మనీషా లోపటికెల్లి వచ్చి "మా ఇంటోళ్ళు" అన్నది. అందరిని కలిపి అన్నది. ఇడిసిపెట్టిండు.

ఎత్తు కుర్చీలు. కాళ్ళు కిందికి అందవు, వేలాడేసుకొని కూసోవాలె. భారతమ్మ అక్క ఎక్కలేక ఎక్కి, దిగుడెట్లనే అని పరేషాన్. మిషనుతోని పొగ ఇడుస్తున్నరు స్టేజి మీద. ఆ పొగ చూసి చెన్నయ్య బావ దగ్గిండు. దాంట్ల ఘాటేం లేదు, అయినా దగ్గిండు. పక్క టేబుల్ పిల్లలు మమ్ముల చూసి నవ్వుతున్నరు, చెడ్డగ ఏం గాదు, ఊకెనే. ముత్తయ్యకు ఎవరో సలాం గూడ చేసిన్రు. బిక్షం మటుకు గోడలు తడుముకుంట "గీడ నా లాకర్ ఉండె" అని అందరికి చెప్తున్నడు.

మనీషా స్టేజి ఎక్కింది. భట్టీ గద్దె మీద. ఈసారి చూసిన. చూడక ఏం చేస్త, నా బిడ్డ గద.

సారు స్విచ్ కాడికి పోయిండు. నేను లేసి "వద్దు" అన్న. డ్రమ్ములల్ల ఇనబడలే. మూడు కూతలు. లోపట కూసొని ఇంటే ఎట్లుంటదో నాకు ఇన్నేండ్లు ఎరుక లేదు. పండ్లల్ల మోగింది. జనం ఈలలేసిన్రు.

ఈలల నడుమ మొగులయ్య కాక లేసిండు. మేమెవ్వరం ఏం అనలే ఆయనను. ఆ ఎత్తు కుర్చీనే ఎక్కి నిలబడ్డడు, బిక్షం కాళ్ళు పట్టుకున్నడు పడకుంట. గొంతు తీసిండు. ఆ గొంతుకు మైకు అక్కర లేదు, అప్పుడు లేదు, ఇప్పుడు లేదు.

"చెన్నయ్య."

చెన్నయ్య బావ నిలబడి "ఉన్న" అన్నడు.

"ముత్తయ్య."

"ఉన్న."

"బిక్షం."

"ఉన్న" అన్నడు కుర్చీ పట్టుకున్నోడు.

డ్రమ్ముల పిలగాడు కొట్టుడు ఆపిండు. గిటారు ఆగింది. హాలు మొత్తం ఇటే చూస్తున్నది. కాక ఆనాటి వరసల్నే పిలుస్తున్నడు. రానోళ్ళను, ఊరిడిసినోళ్ళను గూడ పిలుస్తుంటే ఎవరో ఒకరు "బొంబాయిల ఉన్నడు", "కొడుకు తాన ఉన్నడు" అంటున్నరు. నాకు ఎరుకైతున్నది ఎవరి పేరు వస్తదో. కాకా, వద్దు అని అందామనుకున్న.

"శివశంకర్."

ఎవ్వరు ఏం అనలే.

"శివశంకర్."

మూడోసారి పిలువలే. కుర్చీ దిగిండు.

అప్పుడు చప్పట్లు కొట్టిన్రు. రాయనీకి చెయ్యి వస్తలేదు కోపానికి. లేసి నిలబడి చప్పట్లు, ఈలలు, ఫోన్లు ఎత్తి ఫోటోలు. సారు ఉరికొచ్చి కాక చేతులు పట్టుకున్నడు. "అద్భుతం తాతగారూ. గూస్‌బంప్స్. ప్రతి శనివారం చేద్దామా? ఎంట్రీ ఇలాగే ఉండాలి" అంటున్నడు. ఆయన కండ్లల్ల నీళ్ళు గూడ ఉన్నయి. ఆ నీళ్ళు చూస్తే నాకు ఇంక కారం పూసినట్టైంది. అంత మంచిగ ఆడినమా మేము?

నేను సారు చొక్కా పట్టుకునేదాన్నే. అంతల మైకులకెల్లి వచ్చింది.

"చప్పట్లు కొట్టకుండ్రి."

మనీషా.

"అది పాట గాదు. ఆఖరికి పిలిచింది మా బాపును. ఆయన నేను నిలబడ్డ తాన్నే పోయిండు. మూడు కూతలు అందుకే కొడుతరు, మనిషి పోతే. నాకు తెల్వక రెండు శనివారాలు నేనే కొట్టిన. ఇగ ఎవ్వరు కొట్టొద్దు."

అటెన్క పాడింది. ఏం పాట, ఎట్ల పాడింది అంటే నాకు తెల్వది, నాకు పాటలు సమజ్ గావు. మంచిగనే పాడింది. పోయిన శనివారం ఇనబడ్డ గొంతు అదే.

నవంబర్ 19, సోమవారం

సారు ఇంటికొచ్చిండు. ముడి గూడ ఇప్పుకొని వచ్చిండు. చాపేస్తే కూసున్నడు.

"నాకు నిజంగా తెలియదమ్మా" అన్నడు.

"తెల్వకపోతే అడగాలె. బస్తీ గోడ అవతలనే ఉన్నది. హెల్మెట్లు ఎత్తుకపోయి బల్బులు పెట్టినవు, అవి ఎవరి తలలవో అడిగినవా ఒక్కనాడన్న?" అన్న. ఇంక శాన అన్న. చాయ్ ఇచ్చిన, ఇంటికొచ్చినోడికి ఇయ్యక తప్పదు గద.

కూత మొత్తానికే తీసేస్త అన్నడు. ఆడనే కూసున్న మొగులయ్య కాక మొఖం చిన్నగైంది. ఆ మోటరు పాపం ఆయన బిడ్డ లెక్క. నాకు గూడ కొట్లాడి కొట్లాడి అలుపొచ్చింది.

"తీసెయ్యకు. ఒక్కటి కొట్టు. పొడుగుది. షిఫ్టు ఇడిసే కూత. అందరు పానంతోని ఇంటికి పోయే కూత అది. కాకను పిలిచి కొట్టించు" అన్న.

సారు దండం పెట్టి పోయిండు. మనీషా నా దిక్కు చూసి, "నీకేం గాదు గదమ్మా అది ఇంటే?" అన్నది.

"నాకేమైతది" అన్న. గెలిచినదాన్ని నేను.

నవంబర్ 24, శనివారం

ఒక్కటే కూత. పొడుగ్గ, మంచిగ కొట్టిండు కాక. బస్తీల ఎవ్వరు లేసి నిలబడలే. భారతమ్మ అక్క నవ్వింది. నాకేం గాలే.

పొయ్యి మీద నీళ్ళ గిన్నె ఉండె. గుడ్డలు నానబెట్టనీకి పెట్టిన్నేమో.

డిసెంబర్ 1, శనివారం

గుడ్డలకు గాదు.

కూత మోగింది. నేను కూరగాయలు కోసుకుంట తలుపు దిక్కే చూస్తున్న. కొంచెంసేపటికి భారతమ్మ అక్క వచ్చి, "పొయ్యి మీద అంత పెద్ద గిన్నె ఏందే?" అన్నది. చూస్తే నీళ్ళు మసులుతున్నయి. సిలిండర్లు ఏడాదికి ఆరే ఇస్తమంటున్నరు, గ్యాసు ఊకెనే కాలుతుంటే నేను తలుపు చూస్కుంట కూసున్న. ఎవరి కోసం? పదకొండేండ్ల సంది ఈ పని నా చెయ్యి ఎన్నడు చెయ్యలే. కూత లేక చెయ్యలే అంతే.

మూడు కూతలైతే కొట్లాడొచ్చు. సారు ఉండె, పహిల్వాన్లు ఉండిరి, నా బిడ్డ ఉండె తిట్టనీకి. ఇప్పుడెవరిని తిట్టాలె? ఈ ఒక్క కూత నా నోటితోని నేనే అడిగి పెట్టించుకున్న. అందరు పానంతోని ఇంటికి పోయే కూత అంట. ఎంత మంచిగ చెప్పిన. నాకు చేతగాదు ఇగ, వచ్చే శనివారం డ్యూటీ ఏయించుకుంట.

నీళ్ళు పారబోయలే. సల్లారితే మల్ల కాగబెట్టిన. పాట అయిపోయి మనీషా వచ్చింది.

"నీళ్ళు ఎవరికమ్మా?" అన్నది గిన్నె చూసి. అడిగినంక ఆమెకే సమజైంది, మొఖం చూస్తే ఎరుకైంది నాకు.

"నీకే" అన్న. "భట్టీ కాడికెల్లి వచ్చినవు. మసి ఉంటది."

"మసి లేదమ్మా."

"ఉంటది" అన్న.

పిల్ల సంచి గడప అవతలనే పెట్టి, ఇంట్లకు రాకుంట అటే దొడ్లకు పోయింది. నేను గిన్నె తీస్కపోయి వీపు రుద్దిన.